మొగురం కింద రాయి, దూలం కొసకు గాలి

పాత భవంతి నుంచి విప్పి తెచ్చిన మొగురాన్ని, అంటే కర్ర స్తంభాన్ని, కొత్త ఫామ్‌హౌస్ వరండాలో నిలబెడితే, మూడు నాలుగు వానాకాలాలకే దాని పాదం మెత్తబడటం ఇప్పుడు వింతేమీ కాదు. అదే మొగురం దేవరకొండ వైపో వనపర్తి వైపో ఏదో ఊళ్లో రెండు మూడు తరాలు చెక్కుచెదరకుండా నిలబడింది. కర్ర అదే, చేవ అదే. మారిందల్లా దాని కింద ఉన్న నాలుగు ఇంచులు. పాత ఇంట్లో అది రాతి దిమ్మె మీద కూర్చుంది. కొత్త ఇంట్లో దాన్ని కాంక్రీటులో పాతి, చుట్టూ టైల్స్ అంటించి, సందులో తెల్ల సిమెంటు నింపారు.

కర్రతో కట్టుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ కర్ర మంచిదని. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఈ కర్ర తడిస్తే ఎటునుంచి ఆరుతుంది? దానికి జవాబు లేని చోట బర్మా టేకు కూడా పుచ్చిపోతుంది. జవాబు ఉన్న చోట మామూలు వేప దూలం మనవల కాలం చూస్తుంది.

ఇందులో ఒక మాటల చిక్కు కూడా ఉంది. "కర్ర ఇల్లు" అనే ఒక్క మాటతో మనం నాలుగు వేరువేరు పనుల్ని పిలుస్తున్నాం. కాంక్రీటు ఇంటికి అందం కోసం చెక్కడపు కంబాలు, దర్వాజలు తగిలించడం ఒకటి. పాత ఇంటి కలపను విప్పి తెచ్చి మళ్లీ బరువు మోయించడం రెండోది. కొత్త కర్ర కోయించి పాత పద్ధతిలో దూలాలు, వాసాలు ఎత్తడం మూడోది. సన్న చెక్కలను జిగురుతో అతికి పెద్ద దూలాలుగా, పలకలుగా చేసి కట్టడం నాలుగోది. ఒకదానికి చెల్లే సలహా ఇంకోదానికి చెల్లదు. మొదటిదానికి ఇంజనీరు అక్కర్లేదు, మిగతా మూడింటికి కావాలి. పాత కలపకు పురుగు భయం ఎక్కువ, ముడుచుకునే భయం తక్కువ. కొత్త కలప సంగతి సరిగ్గా తలకిందులు.

పాత ఇల్లు బరువు మోసిన తీరు

దక్షిణ తెలంగాణ పాత ఇళ్లలో రెండు దారులు కనిపిస్తాయి. నల్లగొండ, భువనగిరి వైపు పెద్ద ఇళ్లు చాలావరకు పెంకుల భవంతులు. నడుమ ఖాళీ, చుట్టూ వసారాలు, ఆ ఖాళీ అంచున మొగురాల వరస. కప్పు లోపలి అంచును మొగురాలు మోస్తే, బయటి అంచును రెండు ఫీట్ల మందం మట్టి గోడో రాతి గోడో మోస్తుంది. పాలమూరు దక్షిణాన, గద్వాల, అలంపూరు వైపు పోయేకొద్దీ మట్టి మిద్దెలు కనిపిస్తాయి. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్న దూలాలు), ఆపైన చిన్న కట్టెలో బండలో పరిచి, జానెడు మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు మన్నులో సోడియం ఎక్కువ. తడిసినప్పుడు ఆ బంకమన్ను ఉబ్బి, విడిపోయి, సన్న రంధ్రాలను మూసేస్తుంది. పంటకు పనికిరాని నేల కప్పుకు పనికొచ్చింది అందుకే.

మొగురం నెత్తి మీద రెండు వైపులా చేతులు చాపినట్టు ఒక అడ్డకర్ర ఉంటుంది. దాని మీద చిలకలో పూలో చెక్కి ఉండటంతో చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు. దాని అసలు పని వేరు. కర్రకు నార (పొడవునా పోయే పోగులు) వెంబడి ఉన్న బలం, నారకు అడ్డంగా ఉండదు. నిలువు మొగురం నార వెంబడి బరువు మోస్తుంది కాబట్టి దానికి బాధ లేదు. దాని మీద పడుకున్న దూలం మాత్రం నారకు అడ్డంగా నొక్కుడు పడుతుంది, ఆ చోట చితికిపోవచ్చు. నడుమ అడ్డకర్ర పెడితే నొక్కుడు ఎక్కువ మేర మీదికి పరచుకుంటుంది. దూలం దాటాల్సిన దూరం కూడా ఆ చేతుల మేరకు తగ్గుతుంది. రెండు దూలాల అతుకు సరిగ్గా ఆ అడ్డకర్ర మీద పడేలా పాతకాలపు వడ్లాయన (వడ్రంగి) కొలుచుకునేవాడు. కొత్త నకళ్లలో ఈ అడ్డకర్రను సన్న పలకతో చేసి మేకులతో కొడుతున్నారు. అప్పుడది నిజంగానే అలంకారమే.

దర్వాజ సంగతి కూడా ఇలాంటిదే. భూదాన్ పోచంపల్లిలోని 101 దర్వాజల ఇంటికి పోయినవాళ్లు దర్వాజలు లెక్కపెట్టి వస్తారు. అలాంటి పాత ఇళ్లలో ఒక్క తలుపు రెక్క ముందు కూర్చొని దాని కట్టు చూస్తే ఎక్కువ తెలుస్తుంది. రెక్క అంటే వెడల్పాటి ఒకే పలక కాదు. చుట్టూ గట్టి చట్రం, చట్రం లోపలి అంచున గాడి, ఆ గాడిలో వదులుగా కూర్చున్న పలకలు. పలకను చట్రానికి మేకుతో కొట్టరు, జిగురూ పెట్టరు. ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క చేయాలి.

మే నెల కర్ర, ఆగస్టు కర్ర

కర్ర ఎప్పుడూ గాలిలోని తేమతో బేరం చేస్తూనే ఉంటుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ 25 శాతానికి దిగుతుంది. ఆ గాలిలో చాలాకాలం ఉన్న కర్రలో నీరు దాని ఎండు బరువులో 5, 6 శాతం దగ్గర ఆగుతుంది. ఆగస్టులో తేమ 80 శాతం దగ్గర ఉన్నప్పుడు అదే కర్ర 15 శాతం దాకా తాగుతుంది. నారకు వెంబడి పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. వెడల్పులో మాత్రం కనిపిస్తుంది. టేకు పచ్చి నుంచి పూర్తి ఎండు దాకా వచ్చేలోగా వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం, కేంద్రం నుంచి బెరడు వైపు దాదాపు 2.5 శాతం ముడుచుకుంటుంది. అంటే తేమ ఒక్క శాతం మారితే వలయాల వెంబడి దాదాపు 0.2 శాతం కదలిక.

ఒక ఫీటు వెడల్పున్న, వలయాలు అడ్డంగా పడేలా కోసిన పలకకు 9 శాతం తేమ తేడా వస్తే 5 మి.మీ. పైన కదులుతుంది. అలాంటి పలకలు మూడు అతికి మూడు ఫీట్ల రెక్క చేస్తే 16 మి.మీ. ఆ కదలికను మేకులతో ఆపితే పలక చీలుతుంది, లేదా చట్రం కీళ్లు విడుస్తాయి. గాడిలో వదులుగా ఉంచితే లోపలే ముడుచుకుంటుంది, లోపలే ఉబ్బుతుంది, బయటికి ఏమీ తెలియదు. టేకు అన్నిటికంటే తక్కువ కదిలే కర్రల్లో ఒకటి. నీలగిరి దీనికంటే చాలా ఎక్కువ కదులుతుంది.

ఏసీ గది ఈ లెక్కను ఇంకా తలకిందులు చేస్తుంది. ఒక వైపు ఎండిన చల్లగాలి, ఇంకోవైపు వానాకాలం. ఒకే రెక్క రెండు ముఖాలకు రెండు తేమలు. అందుకే ఏసీ గదికి పెట్టిన దళసరి ఒంటిపలక తలుపులు విల్లులా వంగుతాయి. రెండు ముఖాలకూ, నాలుగు అంచులకూ ఒకే రకం పూత ఒకే సంఖ్యలో వేయడం కొంత ఆపుతుంది. చాలామంది తలుపు కింది అంచును వదిలేస్తారు. బిగించాక అక్కడికి బ్రష్ పోదు కాబట్టి అది బిగించక ముందే చేయాల్సిన పని.

దూలం లెక్క ఒకసారి చేసి చూద్దాం

పాత ఇళ్ల గదులు ఇరుకని చిరాకుపడేవాళ్లకు జవాబు దూలంలోనే ఉంది. గది 10 ఫీట్లు, దూలాలు 4 ఫీట్లకు ఒకటి అనుకుందాం. 9 ఇంచుల మట్టి కప్పు చదరపు మీటరుకు దాదాపు 410 కిలోలు. కర్రల బరువు 40, మనుషులు తిరగడానికి 150. మొత్తం 600. ఒక్కో దూలం మీద మీటరు పొడవుకు దాదాపు 730 కిలోలు పడతాయి. మంచి టేకుకు చదరపు మి.మీ.కు 12 న్యూటన్ల వంపు ఒత్తిడి దాకా పోవచ్చని పట్టుకుంటే 4 ఇంచుల వెడల్పు, 8 ఇంచుల లోతు దూలం అతి కష్టం మీద సరిపోతుంది. మొదటి రోజే నడుమ దాదాపు 11 మి.మీ. దిగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బరువు కింద కర్ర మెల్లగా సాగి, ఆ దిగుడు ముప్పావు ఇంచు దాటుతుంది. పాత మిద్దెల్లో దూలాలు నడుమ కొద్దిగా వాలి ఉండటం చూసి భయపడనవసరం లేదు. భయపడాల్సింది ఆ వాలు ఏడాదికేడాది పెరుగుతుంటే, లేదా కింది ముఖాన నారకు అడ్డంగా పగులు కనిపిస్తే. పొడవునా నార వెంబడి పోయే పగులు ఎక్కువసార్లు ఎండినప్పుడు వచ్చేదే.

మట్టి మిద్దెలు కూలడానికి ఒక మామూలు కారణం ఇక్కడే ఉంది. కప్పు కారినప్పుడల్లా పాత మట్టి చెక్కకుండా కొత్త మట్టి పోస్తారు. ఇంచు మట్టికి చదరపు మీటరుకు 45 కిలోలు. నాలుగైదు సార్లు పోస్తే దూలం మీద బరువు మూడో వంతు పెరిగినట్టే. పైగా నానిన మట్టి ఇంకా బరువు. ఎడతెరిపి లేని ముసురు పట్టిన మూడో రోజో నాలుగో రోజో మిద్దె కూలిందన్న వార్తల వెనక కర్ర పుచ్చొకటే కారణం కాదు.

అదే గదికి బెంగుళూరు పెంకలు వేస్తే మనిషి ఎక్కే బరువు కూడా కలిపి మీటరుకు 180 కిలోల దగ్గర ఉంటుంది. నాలుగో వంతు. కొత్త ఇంట్లో కర్ర కప్పు కావాలనుకునేవాళ్లకు పెంక కప్పు వైపు మొగ్గమని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

దూలాన్ని ఎప్పుడూ నిలువుగా పెట్టాలి. 4 బై 8 దూలం నిలువుగా ఉంటే పడుకోబెట్టినప్పటికంటే రెండింతలు బలం, నాలుగింతలు బిగువు. ఫామ్‌హౌస్‌లలో "వెడల్పుగా కనబడాలి" అని దూలాలను పడుకోబెట్టి వేయించడం కనిపిస్తుంటుంది. కలప రెట్టింపు ఖర్చయి, కప్పు ఊగుతుంది. పై అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికి. మీ కప్పు లెక్కను కర్ర కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 883 తెలిసిన ఇంజనీరు చేత చేయించుకోవాలి. కాంక్రీటు మాత్రమే తెలిసిన ఇంజనీరు కర్ర కొలతలు అడిగితే అలవాటు మీద అతిగా చెప్తాడు, లేదా కింద ఒక ఇనుప గర్డర్ పెట్టమంటాడు.

కొత్త ఇంట్లో ఎక్కడ చెడుతుంది

మొగురం పాదంతో మొదలుపెడదాం. కర్ర కొస అంటే స్ట్రాల కట్ట లాంటిది. నార గొట్టాలన్నీ అక్కడ తెరుచుకొని ఉంటాయి. పక్క ముఖం కంటే ఎన్నో రెట్లు వేగంగా నీటిని పీల్చేది ఆ కొసే. దాన్ని సిమెంటులో పాతితే రెండు రకాలుగా చెడుతుంది. కాంక్రీటు నేల నుంచి తేమను ఒత్తిలా పైకి తెస్తుంది. కర్ర ఎండకాలం ముడుచుకున్నప్పుడు చుట్టూ వెంట్రుకవాసి సందు ఏర్పడి, నేల కడిగిన నీళ్లు అందులోకి దిగి, బయటికి వచ్చే దారి లేక అక్కడే ఉంటాయి. కర్రలో తేమ 20 శాతం దాటి నిలిస్తే బూజు జాతి శిలీంధ్రం పని మొదలవుతుంది.

పాత పద్ధతిలో దిమ్మె రాయి నేలకు జానెడు ఎత్తు ఉంటుంది. రాయి నడుమ చిన్న గుంట, మొగురం కింద దానికి సరిపడా మొన. కొత్త ఇంట్లో ఇదే పని ఇంకా బాగా చేయొచ్చు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గ్రానైటుకు కొదవ లేదు. నేల మట్టం నుంచి కనీసం 6 ఇంచులు, వాన జల్లు పడే చోట 8, 9 ఇంచులు ఎత్తుండే రాయి పెట్టాలి. రాయి పై ముఖం అంచులకు కొద్దిగా వాలి ఉండాలి, పళ్లెంలా గుంటగా ఉండకూడదు. నడుమ 16 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీని రాతిలోకి 4 ఇంచులు, కర్రలోకి 5, 6 ఇంచులు దింపాలి. కర్రకు, రాతికి మధ్య 5, 6 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ బిళ్ల పెడితే ఆ సందులో గాలి ఆడుతుంది. కొసకు నిలబెట్టక ముందే రెండు మూడు సార్లు నూనెగానీ ఎపాక్సీగానీ పట్టించాలి. రాతి గుంటలో నీళ్లు నిలుస్తాయనే అనుమానం ఉంటే గుంట నుంచి పక్కకు సన్న రంధ్రం వేయించాలి.

రెండోది దూలం కొస. మట్టి గోడలో దూలం కొసకు ప్రాణం పోలేదంటే కారణం మట్టే. మట్టి తేమను పీల్చి వదులుతుంది. అదే దూలాన్ని ఇటుక సిమెంటు గోడలో పెట్టి చుట్టూ మోర్టారు కూరితే కొస ఉక్కిరిబిక్కిరి అవుతుంది. బయటి గోడలో అయితే మరీ. గోడలో దూలానికి ఒక గూడు వదలాలి. కింద రాతి బిళ్ల, దాని మీద తేమ ఎక్కకుండా తారు షీటు ముక్క, దూలం దాని మీద 4 నుంచి 6 ఇంచులు కూర్చోవాలి. రెండు పక్కలా, వెనకా, పైనా అర ఇంచు నుంచి ముప్పావు ఇంచు ఖాళీ. మేస్త్రీలకు ఖాళీ అంటే గిట్టదు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లొచ్చేలోగా పూడ్చేస్తారు. గూట్లో థర్మాకోల్ ముక్కలు దోపి, గోడ అయిపోయాక తీయడం దీనికి తేలికైన మందు. ఇంకా మేలైన దారి, దూలాన్ని గోడలోకి పోనివ్వకుండా గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాయి మీదో గోడకు బిగించిన ఇనుప పట్టె మీదో బయటే కూర్చోబెట్టడం. చెడినా విప్పి మార్చుకోవచ్చు.

మూడోది చాలామందికి తట్టదు. పాత మిద్దె గాలికి లేవకపోవడానికి కారణం దాని బరువు. ఆ బరువు తీసి పెంకలో షీట్లో వేస్తే, ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారానికి కప్పే ఎగురుతుంది. గాలి భారం ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాదుకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. గోడల పైన కాంక్రీటు పట్టీ పోసి, అందులో 4 ఫీట్లకు ఒకటి చొప్పున 12 మి.మీ. బోల్టులు నిలబెట్టి, గోడ మీది కర్రను వాటికి బిగించాలి. వాసాన్ని ఆ కర్రకు మేకుతో కాకుండా గాల్వనైజ్డ్ పట్టీతో చుట్టి కట్టాలి. చూరు రెండున్నర ఫీట్లు దాటితే చూరు అంచు పెంకలను తీగతో కట్టాల్సిందే. అంటే పాత పద్ధతి నుంచి తీసుకోవాల్సినవి ఉన్నట్టే, తీసుకోకూడనివీ ఉన్నాయి. ఊరికే పెట్టి వదిలేసిన కప్పు తేలికైతే చెల్లదు.

ఇనుప మేకుల సంగతి చిన్నదే. నల్లమద్ది, తుమ్మ లాంటి కర్రల్లోని వగరు పదార్థం తడి తగిలితే ఇనుముతో కలిసి నల్ల మరక చేస్తుంది, మేకు చుట్టూ కర్ర కూడా మెత్తబడుతుంది. పాతవాళ్లు కీలును బెజ్జం, నాలుకగా చెక్కి, ఎండిన గట్టి కర్ర చీల దిగ్గొట్టింది ఊరికే కాదు. ఇప్పుడు బోల్టు వాడితే స్టెయిన్‌లెస్ లేదా గాల్వనైజ్డ్. బోల్టు తల మీద చెక్క బిళ్ల అతికి దాచేయడం అందంగానే ఉంటుంది కానీ మొదటి ఎండకాలం తర్వాత కర్ర ముడుచుకొని బోల్టులు వదులవుతాయి. మళ్లీ బిగించడానికి పానా పట్టే చోటు వదలాలి.

ఇక చెద, పురుగు. పాత ఇళ్లలో పొయ్యి పొగ అటుక మీదికి, వాసాల మీదికి పాకేది. కర్ర ఎండుగా ఉండేది, పురుగుకు అది నచ్చేది కాదు. నేల, గోడలు అలికేటప్పుడు చెద మట్టిబాట కనిపిస్తే ఆ రోజే గీకేసేవారు. గ్యాస్ పొయ్యి వచ్చి పొగ పోయింది, ఫాల్స్ సీలింగ్ వచ్చి చూపు పోయింది. కప్పు కర్రను మూసేయకుండా కనబడేలా ఉంచడమే చెదకు మొదటి కాపలా. రాతి దిమ్మె ఎత్తుగా ఉంటే దాని మీద పాకే మట్టిబాట కంటికి కనబడుతుంది, అది రెండోది. పునాదికి ముందే చెద మందు పోయించడం ఎలాగూ ఉంది, దానికి ఐఎస్ 6313 ప్రమాణం.

పాత కలప కొనేటప్పుడు

ఇళ్లు కూలగొట్టిన చోట పాత దూలాలు, దర్వాజలు అమ్మే అడ్డాలు హైదరాబాదు చుట్టుపక్కల, పెద్ద పట్టణాల్లో ఉన్నాయి. ఈ కలపలో గొప్ప గుణం, అది ఎన్నో ఎండకాలాలు చూసి కదలాల్సినంత కదిలి ఉండటం. చూడాల్సింది రెండు కొసలు. గోడలో ఉన్న కొసను సుత్తితో తట్టితే టంగున మోగాలి, డబ్బుమంటే లోపల డొల్ల. స్క్రూడ్రైవర్ మొన పావు ఇంచు కంటే సులువుగా దిగితే ఆ మేర కోసేయాల్సిందే. 12 ఫీట్ల దూలం కొన్నా కొసలు పోగా 10 ఫీట్లే చేతికి వస్తుందని లెక్క వేసుకోవాలి.

సన్న గుండ్రటి చిల్లులు, కింద మైదాపిండి లాంటి పొడి ఉంటే పురుగు బతికే ఉందని. చిల్లులు బెరడు కింది తెల్ల కర్రకే పరిమితమై చేవలోకి, అంటే నడుమ ముదురు కర్రలోకి, పోకపోతే పైభాగం చెక్కి వాడుకోవచ్చు. ఇంటి లోపల ఉండే కర్రకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ పని చేస్తాయి. 10 లీటర్ల గోరువెచ్చని నీటికి బోరాక్స్ 600 గ్రాములు, బోరిక్ యాసిడ్ 400 గ్రాములు కలిపి, రంగు, వార్నిష్ అంతా చెక్కేసిన కర్రకు తడి ఆరకముందే మళ్లీ మళ్లీ పట్టించాలి. వాన తగిలే చోట ఇది కడుక్కుపోతుంది కాబట్టి దండగ. కోత మిల్లుకు తీసుకుపోయే ముందు మెటల్ డిటెక్టర్‌తో మేకులు వెతకడం తప్పనిసరి. విరిగిన మేకు ముక్క ఒక్కటి చాలు, రంపం పళ్లు పోతాయి, మనిషికీ ప్రమాదం. చాలా మిల్లులు పాత కలప కోయమని చెప్పేది అందుకే.

కొత్త కలప కొనేటప్పుడు

దుంగ కొలత తెలియక మోసపోయేవాళ్లు చాలామంది. డిపోలో చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేస్తారు. 4 ఫీట్ల చుట్టుకొలత, 10 ఫీట్ల పొడవు దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. నిజానికి అందులో ఉన్నది 12.7. ఆ తేడా కోతలో పోయేదానికి వదిలింది. అయినా నాణ్యమైన సైజు కలప చేతికి వచ్చేది దుంగ తీరును బట్టి సగం, అంతకు కాస్త ఎక్కువ. పోల్చుకోవడానికి, 5 బై 3 కర్రతో 7 ఫీట్ల ఎత్తు దర్వాజ చౌకట్టుకు గడపతో కలిపి 22 ఫీట్ల పొడవు కావాలి. అది 2.3 ఘనపుటడుగులు.

తోటల్లో 15, 20 ఏళ్లకు కొట్టిన టేకు టేకే, కానీ దాని చుట్టూ తెల్ల కర్ర ఎక్కువ. చెదను, పుచ్చును తట్టుకునేది చేవ మాత్రమే. మనిషికి చేవ ఉందా అని అడిగే మన మాట ఇక్కడి నుంచి వచ్చిందే. దూలానికి, గడపకు తెల్ల కర్ర రానివ్వకూడదు. వాసాలకు మూలల్లో కాస్త ఉంటే మందు పట్టించి వాడుకోవచ్చు.

నల్లగొండ అంటే తాళ్లు. గీసే చెట్టు జోలికి పోనక్కర్లేదు, కానీ ఈదురుగాలికి పడిన ముదురు తాడు మంచి కప్పు కర్ర. అది టేకు లాంటిది కాదు. దాని బలమంతా బయటి రెండు ఇంచుల నల్ల నారలో ఉంటుంది, నడుమంతా మెత్తటి గుజ్జు. అందుకే నిలువునా చీల్చి, గుజ్జు తోడేసి వాడతారు. మొదలు గట్టి, పైకి పోయేకొద్దీ మెత్తన. పై మూడో వంతును దూలంగా వాడకూడదు. మేకు నేరుగా కొడితే నార వెంబడి చీలుతుంది, బర్మాతో (డ్రిల్లుతో) ముందు రంధ్రం వేసి బోల్టు బిగించాలి.

ఆరబెట్టడంలో తొందర అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఇంచు మందానికి ఏడాది అనేది పాత లెక్క. మన ఎండలకు అంతకంటే ముందే ఆరుతుంది కానీ పైపైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగిలే ప్రమాదం ఎక్కువ. కోసిన చెక్కలను నేలకు ఫీటున్నర ఎత్తులో, ఒక్కో వరసకు మధ్య ఇంచు మందం పట్టీలు రెండు ఫీట్లకు ఒకటి చొప్పున పెట్టి పేర్చాలి. పట్టీలు కింది నుంచి పైదాకా ఒకే నిలువు గీతలో ఉండాలి, లేకపోతే చెక్కలు ఆ వంకర్లోనే ఆరుతాయి. కొసలకు చిక్కటి రంగో మైనమో పూయాలి. వడగాలి తగలకుండా పక్కలకు గోనెపట్టాలు. ఫిబ్రవరిలో కోయించి మే నెల ఎండకు వదిలేయడం కంటే, వానలు తగ్గాక కోయించి చలికాలమంతా మెల్లగా ఆరనివ్వడం నయం.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు లేకపోయినా పని జరుగుతుంది. చెక్క నడుమ నుంచి చిన్న ముక్క కోసి వెంటనే తూచాలి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచాలి. 500 గ్రాములు 430 అయితే పోయిన 70ని 430తో భాగిస్తే 16 శాతం. తలుపులకు ఇది పచ్చి కిందే లెక్క. 10, 12 దగ్గరికి రావాలి.

మన పొలంలో చెట్టే కదా అని కొట్టడానికి లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద ముందు అనుమతి కావాలి, కొన్ని జాతులకే మినహాయింపు ఉంది. కలప తరలించడానికి వేరే పర్మిట్. అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగాకే గొడ్డలి ఎత్తాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లలో ఈ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

జిగురు దూలాలు, ఎత్తైన మేడలు

నార్వేలోని బ్రుమున్‌దాల్‌లో 2019లో పూర్తయిన మ్యోస్టార్నెట్ 85.4 మీటర్ల ఎత్తు, అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన అసెంట్ 86.6 మీటర్లు. రెండింటికీ వెన్నెముక అతికిన కలప, అసెంట్‌లో దానికి కాంక్రీటు కూడా తోడు. సన్న చెక్కలను నార ఒకే దిక్కుగా అతికి దూలం చేయడానికి ఒట్టో హెట్జర్ జర్మనీలో 1906లో పేటెంట్ తీసుకున్నాడు. వరస మార్చి వరస అడ్డంగా అతికే పలకలు 1990లలో ఆస్ట్రియా, జర్మనీల్లో రూపు దిద్దుకున్నాయి. మన దగ్గర 1993లో కేంద్ర ప్రజా పనుల విభాగం తన కట్టడాల్లో కలప వాడకాన్ని ఆపేసి, 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. ఆ నడుమ కాలంలో చదువుకున్న ఇంజనీర్లకు కర్ర లెక్క చేతికి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మన ఇళ్లకు ఇందులో పనికొచ్చేది ఎత్తు కాదు. పొట్టి, సన్న తోట కలపను అతికి 16, 18 ఫీట్ల దూలం చేసుకోగలగడం. పెద్ద దుంగల కోసం అడవి వైపు చూడాల్సిన పని తప్పుతుంది. అయితే స్థానిక వడ్రంగి షాపులో తెల్ల జిగురుతో అతికిన దూలం ఇది కాదు. తెల్ల జిగురు బరువు కింద మెల్లగా జారుతుంది, రేకు కప్పు కింద మే నెల వేడికి మెత్తబడుతుంది. బరువు మోసే దూలానికి దానికోసమే చేసిన జిగురు, అంతటా సమానమైన నొక్కుడు, 12 శాతం దగ్గర ఆరిన చెక్క కావాలి. ఫ్యాక్టరీ పరీక్ష పత్రం లేకుండా నెత్తి మీదికి ఎత్తుకోవద్దు.

అగ్గి భయం గురించి ఒక మాట. గట్టి కర్ర మండేటప్పుడు నిమిషానికి దాదాపు అర మి.మీ. చొప్పున బొగ్గవుతుంది. ఆ బొగ్గే లోపలి కర్రకు దుప్పటి. 4 బై 8 దూలం మూడు వైపులా అరగంట మండినా వంపు బలంలో ఐదింట మూడు వంతులు మిగులుతుంది. రెండు ఇంచుల వాసానికి ఆ అవకాశం లేదు. అందుకే తక్కువ సంఖ్యలో మందపాటి కర్రలు, ఎక్కువ సంఖ్యలో సన్న కర్రల కంటే మేలు. కరెంటు వైర్లను మాత్రం కర్రలో గాడి కొట్టి పూడ్చకూడదు, పైపులో పైనే పోనివ్వాలి.

పుచ్చిన మొగురం ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని తీసి పారేయనక్కర్లేదు. పక్కన రెండు జాకీలు పెట్టి దూలాన్ని పావు ఇంచు మాత్రమే లేపాలి, అంతకు మించితే పైన పెంకలు పగులుతాయి. సుత్తితో తట్టుకుంటూ పోయి, గట్టి శబ్దం వచ్చిన చోటి నుంచి ఇంకో రెండు ఇంచులు పైకి గీత గీసి కోయాలి. కోసిన ముఖానికి బోరాక్స్ నీళ్లు పట్టించి, ఆరాక నూనె పట్టించాలి. ఫీటు పోయిందనుకుంటే ఫీటు కర్ర కింద అతకడం ఒక దారి. దానికంటే సులువైంది, పాత దిమ్మె తీసి, పోయినంత ఎత్తు పెంచి కొత్త గ్రానైటు దిమ్మె చెక్కించి కూర్చోబెట్టడం. జాకీలు దించే ముందు రాయికి, కర్రకు నడుమ బిళ్ల పెట్టడం మరవకూడదు.